తిరుపాలమ్మ పట్టిన దొంగ

తిరుపాలమ్మ వచ్చేదాకా మా దివానియాకు ఒక తలుపు ఉందన్న సంగతే ఎవరికీ పట్టలేదు. ఉండటానికి ఉంది. మంచి టేకు తలుపు, ఇత్తడి పిడి. కానీ అది మూసి ఉండగా చూసినవాళ్ళు తక్కువ.

జహ్రాలో నేను డ్రైవరుగా పనిచేసిన ఇల్లు అది. కువైట్‌లో కాస్త పెద్ద ఇళ్ళకు ముందువైపు ఒక హాలు ఉంటుంది. దానికి వీధిలోకి విడిగా వాకిలి ఉంటుంది. సాయంత్రాలు మగవాళ్ళు చేరి, గోడల వెంట పరుపుల మీద ఆనుకుని కూర్చుని, కాఫీ తాగుతూ లోకం సంగతులన్నీ తేల్చేసే చోటు అది. దాన్నే దివానియా అంటారు. మా యజమానిని మేమంతా బాబా అని పిలిచేవాళ్ళం, ఆయన భార్యను మామా అని. బాబా తండ్రి కాలం నుంచీ ఆ ఇంటికి ఒక పద్ధతి ఉంది: దివానియాకు తాళం వెయ్యరు. తెలిసినవాడు ఏ వేళకైనా రావచ్చు. లోపల ఎవరూ లేకపోతే తానే కాఫీ కాచుకుని తాగి, కాసేపు నడుం వాల్చి, తన దారిన తాను పోవచ్చు. ఇది అందరికీ తెలిసిన విషయం. అందరికీ తెలుసు గనకే తిరుపాలమ్మకు ఎవరూ చెప్పలేదు.

ఆమెది అన్నమయ్య జిల్లాలో, చిట్వేలు దగ్గర ఒక పల్లె. కొండ అంచున చేను. శెనక్కాయ పంట కాయ పట్టే వేళకు అడవిపందులు దిగేవి. కాపలాకు మంచె ఎక్కే పని ఆ ఇంట్లో మగవాళ్ళది కాదు, తిరుపాలమ్మది. ఎందుకని ఒకసారి అడిగాను.

"మా ఇంట్లో మొగోళ్ళు పందిని జూస్తే మంచె మింద్నే ఉంటారన్నా. నేనైతే కిందికి దిగుతా."

అంతే చెప్పింది. ఆ తర్వాత జరిగినదంతా ఆ ఒక్క మాటలోనే ఉందని నాకు అప్పుడు తట్టలేదు.

మా ఇంటికి రాకముందు ఆమె సాల్మియాలో ఒక ఫ్లాటులో పనిచేసింది. అక్కడి మామాకు లోకంలో ఎవరి మీదా నమ్మకం లేదు. గంట మోగితే తలుపు తీయకూడదు, పలకనూ కూడదు, పలికినా ముందు పేరడగాలి, పేరు చెప్పినా నమ్మకూడదు. ఇదీ అక్కడి బోధ. ఆమె అక్కడ ఉన్నన్నాళ్ళూ నేర్చుకున్న అరబ్బీలో మొదటి మాట "మిన్?" అంటే ఎవరు అని. రెండో మాట "హరామీ". అంటే దొంగ. మా ఇంటికి ఇఖామా, అంటే అక్కడ ఉండే అనుమతి, మార్చుకుని వచ్చేటప్పటికి ఆ రెండు మాటలూ బాగా నోటికెక్కాయి.

సాల్మియాలో సంగటి చేసుకోనిచ్చేవాళ్ళు కాదట. మా మామా ఆ విషయంలో పెద్దమనిషి. శుక్రవారం మధ్యాహ్నం వెనకవైపు వంటింట్లో ఏదైనా వండుకోమంది. అందుకని తిరుపాలమ్మ ఊరినుంచి వచ్చేవాళ్ళ పెట్టెలో ఒక సంగటి కట్టె తెప్పించుకుంది. మూరెడు పొడవు, పిడికిలి నిండే లావు, చింతచేవ. గట్టిపడుతున్న రాగిముద్దను గెలికీ గెలికీ నున్నబడిన కట్టె. వాళ్ళమ్మ వాడినది. ఆ శుక్రవారాలు నాకూ ఒక ముద్ద వచ్చేది, శెనక్కాయ చట్నీతో. ఆ కట్టె గురించి నేను ఎవరిముందూ చెడ్డమాట అనలేను.

కూతురు వెంకటేశ్వరి తిరుపతిలో నర్సింగు చదువుతోంది. అది ఆఖరి సంవత్సరం. "అది గట్టెక్కిందాకా నన్నీ ఇంట్లోనుంచి కదిలించొద్దు సామీ" అని ఆమె రోజూ దండం పెట్టుకునేది. ఏ సామికో నాకు తెలియదు. వంటింటి కిటికీ వైపు తిరిగి పెట్టేది, ఆ కిటికీలోంచి కనిపించేది దివానియా గోడ.

ఆ వేసవిలో దివానియా చూసుకునే మెహతాబ్ సెలవు మీద ఢాకా వెళ్ళాడు. కాఫీ కాచడం, కప్పులు కడగడం, పరుపులు దులపడం అతని పనులు. సాయంత్రం కాఫీ పని నామీద పడింది. పగలు ఊడ్చే పని తిరుపాలమ్మ మీద పడింది.

ఒకరోజు దుమ్ము లేచింది. ఆకాశం గోధుమరంగుకు తిరిగి, ఎదురింటి మేడ కూడా కనపడని రకం దుమ్ము. మధ్యాహ్నం ఇల్లంతా నిద్రలో ఉంది. నేను నా గదిలో ఏసీ కింద పుస్తకం చదువుకుంటున్నాను. కథలో పెళ్ళి తప్పిపోతుందా లేదా అన్న చోట ఉన్నాను. బయట కేక వినిపించింది.

"హరామీ! హరామీ! అన్నా, దొంగోడు! పట్టినా!"

చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. దివానియాలో తిరుపాలమ్మ నిలబడి ఉంది. కొంగు నడుముకు బిగించి, చేతిలో సంగటి కట్టె. హాలు చివర కాఫీ కాచుకునే చిన్న గది ఒకటుంది. దాని తలుపు మూసి బయట గడియ పెట్టింది. వీపు ఆ తలుపుకు ఆనించింది.

"ఎవరు లోపల?"

"దొంగోడన్నా! కసువూడ్సేదానికి వస్తి. ఈ గదిలో అలికిడైతాంది. వంటింట్లోకి పోయి కట్టె తెచ్చుకోని, మెల్లిగా తొంగిజూస్తే ఒగ మనిషి. మొగమంతా గుడ్డ సుట్టుకోనుండాడు. ఒంటినిండా దుమ్ము. ఒగ చేతిలో ఇత్తడి కాఫీచెంబు, ఇంగొక చెయ్యి బీరువాలో! మిన్ అని అడిగితి. పలకల్యా. ఇంగేం జేయల్ల?"

"ఏం చేశావు?"

ఆమె కట్టె వైపు చూసింది. కట్టె అబద్ధం చెప్పే రకం కాదు.

"వీపున ఒగటి. ఇట్ల తిరిగినాడు, నొసట ఒగటి. ఆయప్ప నోరు తెరిసేలోపల తలుపేసి గడె పెడ్తి. పోలీసులకు ఫోన్ జెయ్యన్నా."

ఇంతలో తలుపు సందులోంచి ఒక వాసన వచ్చింది. నాకూ వచ్చింది, ఆమెకూ వచ్చింది. ఏలకులు, కుంకుమపువ్వు, లేతగా వేయించిన కాఫీగింజ. తిరుపాలమ్మ కళ్ళు పెద్దవయ్యాయి.

"అన్నా, ఆ నాబట్ట లోపల కాఫీ పెట్టుకుంటాండాడు! ఎంత ధైర్యమో సూడు!"

అప్పుడు నాకు తట్టింది. దొంగ కాఫీ కాచుకోడు. కాచుకున్నా కుంకుమపువ్వు ఎక్కడుందో వెతకకుండా తీయలేడు. లోకంలో మా దివానియాలో కుంకుమపువ్వు డబ్బా ఎక్కడుంటుందో తెలిసినవాళ్ళు ముగ్గురే. మెహతాబ్ ఢాకాలో ఉన్నాడు. నేను తలుపు బయట ఉన్నాను.

"తిరుపాలమ్మా, పక్కకు జరుగు."

"జరగను. పోలీసులొచ్చిందాకా తీసేది లే."

"లోపలున్నది అబూ ఫలాహ్, తల్లీ!"

"ఎవురైతే నాకేం? కాఫీచెంబు ఎత్తకపోతాండె!"

ఆమెను పక్కకు లాగి గడియ తీశాను. లోపల చిన్న ముక్కాలిపీట మీద అబూ ఫలాహ్ కూర్చుని ఉన్నాడు. ఎనభై దాటిన మనిషి. ముఖానికి చుట్టుకున్న తలగుడ్డ, గుత్రా, విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. నొసటి మీద జామకాయంత బుడిపి. ఒక చేతిలో దల్లా, అదే తిరుపాలమ్మ చెప్పిన ఇత్తడి కాఫీచెంబు. రెండో చేతిలో చిన్న కప్పు. కప్పు నిండా కాఫీ ఉంది, కానీ తాగలేదు.

కబ్ద్ ఎడారిలో గొర్రెలు మేపుకునే పెద్దాయన. బాబా తండ్రితో కలిసి ఒంటెలు కాచినవాడు. బాబాను భుజాల మీద మోసినవాడు. పట్నానికి ఎప్పుడో తప్ప రాడు. వస్తే ఈ తలుపులోంచే వస్తాడు, తన కాఫీ తానే కాచుకుంటాడు. ఆరోజు దుమ్ముకు ముఖం చుట్టుకుని వచ్చాడు. లోపలికి వస్తూ సలాం చెప్పాడట. ఏసీ రొదలో ఎవరికీ వినపడలేదు. తిరుపాలమ్మ "మిన్" అన్నది ఆయనకూ వినపడలేదు. ఆయన చెవులు అప్పటికే విశ్రాంతి తీసుకున్నాయి.

బాబా నిద్రముఖంతో పరిగెత్తుకు వచ్చాడు. బుడిపి చూశాడు, కట్టె చూశాడు, తల పట్టుకున్నాడు. పెద్దాయన చెయ్యి ముద్దుపెట్టుకుని కాఫీ తాగమని బతిమాలాడు. అబూ ఫలాహ్ కప్పును మెల్లిగా పొయ్యి పక్కన పెట్టాడు.

"ఈరోజు కాదు, నాయనా. గురువారం సాయంత్రం వస్తాను" అని మాత్రం అని, దుమ్ములోకి నడిచి, పక్కింటి చెట్టుకింద ఆపుకున్న తన పాత పికప్పు ఎక్కి వెళ్ళిపోయాడు.

కోపంతో అరిచి ఉంటే బాగుండేది. తాగని ఆ కాఫీ మా ఇంటిని నాలుగు రోజులు నిద్రపోనివ్వలేదు.

మామా ఆ సాయంత్రమే తీర్పు చెప్పేసింది. "ఖలాస్. సఫర్." అంటే అయిపోయింది, ఊరికి పంపేయమని. "మా మామగారి స్నేహితుణ్ణి కొట్టిన ఇల్లని రేపు జహ్రా అంతా చెప్పుకుంటుంది."

కోడలు ఫరీదా ఒప్పుకోలేదు. ఆమెకు ఉయ్యాల్లో బిడ్డ ఉంది. "నిజంగా దొంగే అయ్యుంటే? నేనూ బిడ్డా పైన నిద్రపోతున్నాం. మీరంతా కూడా నిద్రపోతున్నారు. ఈ ఇంట్లో మెలకువగా ఉన్నది తిరుపాలమ్మ ఒక్కతే. ఆమెను పంపడం కాదు, తలుపుకు తాళం పెట్టించండి."

చెప్పడమే కాదు, మర్నాడే మనిషిని పిలిపించి తాళం బిగించింది. తాళం పక్కన గంట, గంట మీద కెమెరా. నొక్కితే లోపల పిట్ట కూసినట్టు మోగేది.

బాబా ఇద్దరి మాటా విని, "అబూ ఫలాహ్ గురువారం ఏమంటే అది" అన్నాడు. తిరుపాలమ్మ ఉంటుందా పోతుందా అన్నది అలా ఎడారిలో ఒక ముసలాయన నోట్లో చిక్కుకుంది.

ఇక ఊరు మాట్లాడటం మొదలుపెట్టింది. వీధి చివర బకాలా కొట్టు నడిపే మలబారు ఆయన దగ్గరికి నేను పెరుగు కొనడానికి వెళ్తే, పెరుగు ఇవ్వకుండా "భాయ్, ఆ కర్ర ఎంత పొడవు?" అని అడిగాడు. పక్కింట్లో పనిచేసే ఫిలిప్పీను పిల్ల తిరుపాలమ్మను చూసి సెల్యూట్ చేసింది. దుకాణంలో చపాతీ కర్రలు అయిపోయాయని కూడా ఎవరో అన్నారు. అది నేను నమ్మలేదు.

మనవాళ్ళ వాట్సాప్ గుంపు సంగతి చెప్పనక్కర్లేదు. మంగఫ్ నుంచి ఒకాయన "ఇంట్లోకి వచ్చినోణ్ణి కొట్టొచ్చు, మన దేశంలోనైతే కేసే లేదు" అని పెట్టాడు. ఇంకొకాయన "మన దేశంలో కొట్టినోడి మీదే కేసు, మా బావకు అయ్యింది" అని జవాబిచ్చాడు. బావ ఎవరిని కొట్టాడు, ఎందుకు కొట్టాడు అన్న దారిలో ఆ చర్చ పోయి తిరిగి రాలేదు.

తిరుపాలమ్మకు ఒక స్నేహితురాలు ఉంది, రూతమ్మ. భీమవరం పక్క మనిషి, ఆసుపత్రిలో నర్సు. ఆమె వచ్చి వెనక వంటింట్లో కూర్చుంది.

"ఒక్క దెబ్బతో ఆపేసుంటే బాగుండేదండీ తిరుపాలమ్మగారూ. ఒకటైతే బయ్యపడి కొట్టేరంటారు. రెండోదానికేటి చెప్తారు మరి?"

"మొదటి దెబ్బకు మనిషి తిరిగినాడమ్మా. తిరిగితే పొడుస్తాడనుకుంటి."

"ఏటితో పొడుస్తాడండీ బాబూ, కాఫీచెంబుతోనా?"

"అది అప్పుడు తెల్సునా? పంది ముట్టె జూపిచ్చినప్పుడు ఇది కుమ్ముతాదా, ఉత్తదే సూస్తాందా అని నిలబడి ఆలోచన జేస్తామా?"

"పందితో పోల్చకండీ ఆయన్ని, ఆయ్! గురువారం నాడు మాత్రం ఆ మాట అనకండి, మీకు దణ్ణం పెడతాను."

తిరుపాలమ్మ నవ్వలేదు. కట్టెను పైకప్పు కింద అటక మీద పెట్టేసింది. వచ్చే శుక్రవారం సంగటి లేదంది.

అసలు కబురు మాత్రం కబ్ద్ నుంచి వస్తూండేది. అబూ ఫలాహ్ దగ్గర గొర్రెలు కాసేది మనవాడే, చిన్నపుల్లయ్య. పులివెందుల పక్క పల్లె. తిరుపాలమ్మను అక్కా అంటాడు. ఆమె రోజూ ఫోన్ చేసి అడిగేది, నేను పక్కనుండి వినేవాణ్ణి.

"ఏమన్న అనెనా రా ముసలాయన?"

"ఏమీ అనలేదక్కా. నాతో మాట్లాడ్డంల్యా. గొర్రెలతో మాట్లాడతాండాడు."

"గొర్రెలతో ఏమంటాండాడు?"

"అరబ్బీలో గదక్కా, గొర్రెలకు అర్థమైతాంది గానీ నాకు గాల్యా."

"నువ్వు మంచిగా ఒగ మాట జెప్పు నా గురించి."

"నేనా? నేను చెప్తే నిన్ను ఈ పొద్దే పంపిచ్చేస్తాడు. నా సంగతి నీకు తెల్సుగదా."

అతని సంగతి మాకు తెలుసు. చలికాలంలో ఒకరోజు ఇద్దరు మనుషులు బండిలో అతని గుడారం దగ్గరికి వచ్చారు. ఎడారిలో పద్ధతి వేరు. వచ్చినవాడెవడైనా సరే, ముందు టీ ఇవ్వాలి, పేరు తర్వాత అడగాలి. చేరిన మొదటిరోజే అబూ ఫలాహ్ అతనికి ఇది నేర్పాడు. చిన్నపుల్లయ్య టీ ఇచ్చాడు. రొట్టె ఇచ్చాడు. చలిమంట వేశాడు. వాళ్ళు కడుపునిండా తిని, తాగి, అతన్ని మెచ్చుకుని, రెండు పొట్టేళ్ళను బండిలో ఎక్కించుకుని వెళ్ళారు. ఎక్కించేటప్పుడు ఒక పొట్టేలు మొరాయిస్తే చిన్నపుల్లయ్యే సాయం పట్టాడు, పెద్దాయన అమ్మాడనుకుని.

"దొంగకు టీ ఇచ్చినోడివి నువ్వు, అతిథిని కొట్టినదాన్ని నేను" అంది తిరుపాలమ్మ. "మనిద్దర్నీ ఒగే విమానంలో పంపుతారు లేరా."

గురువారం సాయంత్రం దివానియా మామూలుకన్నా నిండింది. ఎన్నడూ రాని వాళ్ళు కూడా వచ్చారు. నేను కాఫీ పోస్తూ తిరుగుతున్నాను. అందరూ వాదించుకుంటున్నారు.

రిటైరైన పోలీసు అధికారి అబూ ఖాలిద్ గొంతు అన్నిటికన్నా పైన ఉంది. "ఇంట్లోకి చొరబడినవాణ్ణి ఆపే హక్కు ఇంట్లోవాళ్ళకు ఉంటుంది. కానీ అవసరమున్నంత మేరకే. దొంగ పారిపోతుంటే వెంటపడి కొట్టకూడదు."

"పారిపోయే దారే లేదుగా, ఆమె తలుపుకు అడ్డంగా నిలబడింది" అన్నాడొక కుర్రవాడు.

బడిపంతులుగా చేసిన ఇంకో పెద్దమనిషి పూసల దండ తిప్పుతూ అన్నాడు: "అసలు ప్రశ్న అది కాదు. తలుపు తెరిచి ఉంది. దివానియా తలుపు తెరిచి ఉండటమంటే రమ్మనడమే. రమ్మన్నవాణ్ణి చొరబడ్డాడని ఎలా అంటారు?"

"ఆమెకు ఆ సంగతి తెలియదు."

"తెలియకపోవడం ఎవరి తప్పు?"

"చట్టానికి తెలియకపోవడంతో పనిలేదు."

"మరి పెద్దాయన ముఖం కప్పుకుని ఎందుకు వచ్చాడు?"

"దుమ్ముకు ఆయనేం చేస్తాడు?"

ఒకాయన ముఖం మీద గుత్రా చుట్టుకుని చూపించాడు, ఇలా ఉంటే మీరెవరైనా గుర్తుపడతారా అని. సొంత తమ్ముడే గుర్తుపట్టనన్నాడు. ఇంకొకాయన నా చేతిలోని దల్లా లాక్కుని, దాన్ని ఏ చేత్తో పట్టుకుంటే దొంగలా ఉంటుంది, ఏ చేత్తో పట్టుకుంటే అతిథిలా ఉంటుంది అని పరీక్ష చేశాడు. ఏ చేత్తో పట్టుకున్నా దొంగలాగే ఉన్నాడు.

ఇంత గొడవలోనూ అబూ ఫలాహ్ రాలేదు. బాబా మాటిమాటికీ తలుపు వైపు చూస్తున్నాడు. నాకెందుకో అనుమానం వచ్చి బయటికి వెళ్ళాను. వీధి దీపం కింద పికప్పు ఆగి ఉంది. లోపల పెద్దాయన. ఇంజను ఆడుతూనే ఉంది.

దగ్గరికి వెళ్ళి, "లోపలికి రండి, అందరూ మీకోసమే చూస్తున్నారు" అన్నాను.

ఆయన తలుపు వైపు గడ్డం ఎత్తాడు. "అదేమిటి, ఆ మెరిసేది?"

"గంట. నొక్కితే లోపల తెలుస్తుంది."

"ఆ ఇంటికి నేను వస్తున్నప్పటి నుంచీ నన్ను లోపలికి రానిమ్మని ఎవరినీ అడగలేదు. ఇప్పుడు వేలితో అడగాలా?"

వెళ్ళి బాబాకు చెప్పాను. బాబా వట్టికాళ్ళతో పరిగెత్తుకొచ్చి, పికప్పు తలుపు తీసి, చెయ్యి పట్టుకుని ఆయన్ని దింపాడు. లోపల అందరూ లేచి నిలబడ్డారు. పెద్దాయన్ని పైస్థానంలో కూర్చోబెట్టారు. నేను కాఫీ పోసి కప్పు అందించాను. ఆయన అందుకున్నాడు. ముందున్న తివాచీ మీద పెట్టాడు. తాగలేదు.

అందరి కళ్ళూ ఆ కప్పు మీదికి పోయాయి. అక్కడున్న ప్రతివాడికీ ఆ పద్ధతి తెలుసు. అతిథి కాఫీ కప్పు కింద పెట్టి తాగకుండా కూర్చున్నాడంటే అతనికి ఒక కోరిక ఉంది. ఇంటివాడు సరేననేదాకా తాగడు. తాగకుండా వెళ్తే ఆ ఇంటికి అంతకన్నా తలవంపు లేదు.

బాబా ముందుకు వంగి, "మీ కాఫీ తాగండి. మీరు ఏం అడిగినా ఇచ్చినట్టే" అన్నాడు.

"ముందు ఆమెను పిలువు."

తిరుపాలమ్మ వచ్చింది. తలమీద గుడ్డ కప్పుకుని, ఖాళీ చేతులతో వచ్చింది. గుమ్మం దగ్గరే ఆగి, అంతమంది మగవాళ్ళను చూసి నావైపు చూసింది. మాట మార్చి చెప్పే పని నాది.

"ఏమని కొట్టిందో అడుగు."

అడిగాను. తిరుపాలమ్మ నాలుగు రోజులుగా మనసులో అల్లుకున్నదంతా ఒక్కసారి విప్పింది.

"తప్పేనన్నా, పెద్దాయప్పను కొట్టినా, నా చెయ్యి ఇరగ. గానీ నువ్వే జెప్పు. మొగానికి గుడ్డ సుట్టుకోని, పిలిస్తే పలక్కుండా, బీరువాలో చెయ్యి పెడితే ఎవురైనా ఏమనుకుంటారు? నాకీ తలుపు సంగతి ఒగరూ చెప్పల్యా. అయినా కాఫీచెంబు ఎత్తకపోతాంటే ఊరుకుంటే, రేప్పొద్దున నువ్వే అంటావు, కాపలా ఎందుకు పెట్టుకుంటిమి నిన్ను, అని. అడవిపంది అనుకోలేదులే, దొంగే అనుకుంటి. అదైనా జెప్పు."

పందిని వదిలేసి మిగతాదంతా చెప్పాను. హాల్లో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు.

అబూ ఫలాహ్ నొసటి మీద ఇంకా కొంచెం మిగిలిన బుడిపిని తడుముకున్నాడు.

"నా దగ్గర ఒకడున్నాడు, బుల్లా," అన్నాడు. చిన్నపుల్లయ్య అరబ్బీలో బుల్లా అయిపోయాడు. "వచ్చినవాడికి టీ ఇవ్వమని నేర్పాను. దొంగలొస్తే టీ ఇచ్చాడు. పొట్టేళ్ళను బండెక్కించాడు. నా కొడుకులు వాణ్ణి పంపేయమన్నారు. నేను పంపలేదు. నేర్పింది నేను గదా! ఈమెకు తలుపు మూయడం ఎవరో నేర్పారు. తెరవడం మీరు నేర్పలేదు. ఆ లెక్కన నన్ను కొట్టింది మీరంతా. ఇంతమందిని నేను ఏ దేశానికి పంపను?"

పెద్దాయన కప్పును తివాచీ మీద కాస్త ముందుకు జరిపాడు.

"నా కోరిక రెండు ముక్కలు. మొదటిది, ఈమె ఇక్కడే ఉండాలి. అబూ ఫలాహ్ మూలంగా ఒక ఆడమనిషి కూడు పోయిందని నా గొర్రెలు కూడా అనకూడదు. రెండోది, ఆ గంట తీసెయ్యి. దెబ్బ రెండురోజుల్లో తగ్గిపోయింది. ఆ తాళం చూశాకే నాకు నిజంగా నొప్పి పుట్టింది."

బాబా కళ్ళు చెమర్చాయి. "రెండూ ఇచ్చాను" అన్నాడు. నేను తిరుపాలమ్మకు చెప్పాను. ఆమె కిందికి జారి గోడకానుకుని కూర్చుంది. ఏడుస్తోందనుకున్నాను. వెంకటేశ్వరి పేరు చెప్పుకుంటోంది, అంతే.

పెద్దాయన కప్పు వైపు చెయ్యి చాచి, మళ్ళీ ఆగాడు.

"ఇంకో చిన్నది మరిచిపోయాను. ఆ కర్ర. దాన్ని నాకిప్పించు. బుల్లాకు ఇస్తాను, వాడి పక్కన ఉండాల్సింది అదే."

హాలంతా నవ్వింది. బాబా చేత్తో సైగ చేశాడు, తెమ్మని. నేను తిరుపాలమ్మకు చెప్పాను. ఆమె చటుక్కున లేచింది.

"కట్టె ఇచ్చేది లే."

"తిరుపాలమ్మా!" అన్నాను మెల్లిగా. "ఇప్పుడే కదా నిన్ను ఉండమన్నారు. ఆయన ఇంకా కాఫీ తాగలేదు. కప్పు కిందే ఉంది."

"నన్ను పంపిచ్చినా సరే, కట్టె ఇయ్యను. అది మాయమ్మది. దాంతో సంగటి గెలికి నన్ను పెంచింది. ఈయప్ప గొర్రెల కాడ దాంతో ఏం జేస్తాడు, పేడ గెలుకుతారా?"

నేను ఒక్క క్షణం ఆలోచించాను. పేడ మాట వదిలేసి, అది వాళ్ళమ్మదని చెప్పాను. అబూ ఫలాహ్ కప్పు వైపు చూస్తూ కూర్చున్నాడు. కాఫీ మీద ఆవిరి పోయింది. బాబా ముఖం పాలిపోయింది.

"వాళ్ళమ్మదా?" అన్నాడు చివరికి పెద్దాయన. "మా అమ్మ నన్ను గుడారం గుంజతో కొట్టేది. ఆ గుంజ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఎవడికీ ఇవ్వలేదు." కప్పు ఎత్తి ఒక్క గుక్కలో తాగేసి, ఇంకా పొయ్యమని నావైపు చాచాడు. "చల్లారిపోయింది. ఈ డ్రైవరుకు కాఫీ కాయడం రాదు."

మర్నాడు తాళమూ గంటా విప్పింది నేనే. మరమేకుల రంధ్రాలు తలుపు మీద ఉండిపోయాయి. ఫరీదా రెండురోజులు మాతో మాట్లాడలేదు. తర్వాత తన బిడ్డ ఉయ్యాలను తిరుపాలమ్మకు వినపడే గదిలోకి మార్చుకుంది.

శుక్రవారం అటక మీదినుంచి కట్టె దిగింది. సంగటి తింటూ తిరుపాలమ్మ చిన్నపుల్లయ్యకు ఫోన్ చేసింది. తన తమ్ముడితో చెప్పి, ఊరినుంచి వచ్చేవాళ్ళ చేత అతనికీ ఒక కట్టె తెప్పిస్తానంది.

"వచ్చినోళ్ళకు ముందర టీ ఇయ్యల్నా, ముందర కట్టె జూపిచ్చల్నా అక్కా?"

"టీ ఇయ్యి. కట్టె పక్కన పెట్టుకోని ఇయ్యి. పొట్టేలును మాత్రం నువ్వు ఎక్కిచ్చొద్దురా నాయనా."

మిగిలిన చిక్కు ఒకటే. ఆమె పేరు అడక్కుండా ఉండలేదు. అబూ ఫలాహ్ పేరు అడిగించుకోలేడు. దానికి దారి ఆయనే కనిపెట్టాడు. వెంకటేశ్వరి చదువు ముగిసి, తిరుపాలమ్మ తానుగా ఊరికి వెళ్ళేదాకా ఆయన అదే పాటించాడు. మధ్యాహ్నం వీధి చివర పికప్పు ఆగగానే, చెవుడున్న మనిషి గొంతుతో, జహ్రా అంతా నిద్ర లేచేలా కేక వేసేవాడు:

"యా తిరుబాలా! నేను అబూ ఫలాహ్‌ని! హరామీని కాదు!"

వంటింటి కిటికీలోంచి ఆమె, చేతిలో పని ఆపకుండానే, నేను నేర్పిన అరబ్బీలో జవాబు చెప్పేది: "తలుపు తీసే ఉండాది, రా!"

ఆ అరబ్బీ మధ్యలో పడ్డ తెలుగు "ఉండాది" నేను నేర్పలేదు. ఆయనకు మాత్రం అర్థమయ్యేది.